లక్క ఇంట్లో నిద్రపోయినవాళ్లు

మేరీలాండ్‌లో ఇళ్ల ప్లాన్లు పరిశీలించి పర్మిట్లు ఇచ్చే ఆఫీసులో పనిచేస్తాను. ఇక్కడి ఇళ్లు దాదాపు అన్నీ కర్రవే. మనవాళ్ల ఇల్లు ఎక్కడ కాలినా వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే మాట ‘అంతా ఖర్మ’. అనేవాళ్ల బాధ నిజమైనదే. ఆ మాటతోనే నాకు పేచీ.

నిప్పు ఎవరి ఖర్మా చూడదు, కర్ర మందం చూస్తుంది. ఇళ్లకు వాడే మెత్తజాతి కలప మంటలో నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది. పైన కట్టిన బొగ్గు పొర లోపలి కర్రను కొంతసేపు కాస్తుంది కూడా. అందుకే దొడ్డు దూలం అంత తొందరగా లొంగదు. ఇప్పటి ఇళ్లలో నేల కింద వేసే ‘ఐ’ ఆకారపు దూలానికి, అంటే ఐ-జాయిస్టుకు, నడుమ ఉండేది చెక్క పేళ్లను జిగురుతో అదిమిన పలక. చాలావాటిలో అది సెంటీమీటరు మందం కూడా ఉండదు. భద్రతా పరీక్షలు చేసే యూఎల్ ప్రయోగశాల 2008లో ఈ రెండు రకాల నేలలనూ అడుగున ఏ రక్షణా లేకుండా కాల్చి చూసింది. మామూలు దూలాల నేల 18 నిమిషాలు దాటి నిలిచింది. ఐ-జాయిస్టుల నేల ఆరు నిమిషాలకే కూలింది.

2012 ఇళ్ల నిర్మాణ నమూనా కోడ్‌లో అలాంటి నేలల అడుగున అర అంగుళం జిప్సం బోర్డు గానీ అలాంటి రక్షణ గానీ వేయాలన్న నియమం చేరింది. స్ప్రింక్లర్లు ఉంటే మినహాయింపు. జిప్సం బరువులో ఐదో వంతు నీరే, ఖనిజంలో బంధించి ఉన్న నీరు. మంట తగిలితే ఆ నీరంతా ఆవిరయ్యేదాకా బోర్డు వెనక వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ వేడికి కర్ర అంటుకోదు. పిల్లల్ని చంకనేసుకుని బయటపడాల్సింది ఆ కాసేపట్లోనే. మనిషికి ఆ వ్యవధి దొరకడంలో నాకు దైవకృప కనిపిస్తుంది. కానీ ఆ కృప ఎవరో ఒకరు బోర్డు కొడితేనే అందుతుంది.

లక్క ఇంటి కథ మనందరికీ తెలుసు. వారణావతంలో ఆ ఇంటిని చూడగానే ధర్మరాజుకు నెయ్యి, లక్క వాసన తగిలింది. విదురుడు ముందే హెచ్చరించాడు, అదీ ధర్మరాజుకు తప్ప ఇంకెవరికీ అర్థంకాని మాటల్లో. సొరంగం తవ్వేవాణ్ణీ పంపాడు. ఆ రాత్రి కుంతి పెట్టిన భోజనానికి వచ్చిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులూ అక్కడే నిద్రపోయారు. భీముడు నిప్పు పెట్టాడు. పాండవులు సొరంగంలోంచి వెళ్లిపోయారు. తెల్లారి ఊరి జనం ఆ ఆరు శవాలనూ చూసి కుంతీ పాండవులే అనుకుని ఏడ్చారు.

ఆ తల్లీబిడ్డలది ఖర్మ అని నేను అనలేను. ఇల్లు దేంతో కట్టారో వాళ్లకెవరూ చెప్పలేదు. సొరంగం ఎక్కడుందో చూపించలేదు. పాండవుల పక్షాన ఎన్ని న్యాయాలు చెప్పినా నా మనసు ఆ ఆరుగురి దగ్గరే ఆగిపోతుంది. విదురుడి హెచ్చరిక ఆ ఇంట్లో పడుకునే ప్రతి మనిషికీ దక్కాలి. కోడ్ పుస్తకంలో నాకు కనిపించే ధర్మం అదే. రేపు ఇల్లు కొనేవాడెవరో, చుట్టంగా వచ్చేదెవరో, పొగలో ఆ నేల మీద అడుగుపెట్టే ఫైర్‌మన్ ఎవరో కట్టేవాడికి తెలియదు. తెలియకపోయినా వాళ్లందరికీ అతను బాకీ.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారని పర్మిట్ లేకుండా బేస్‌మెంట్‌లో గది వేయించేవాళ్లు మనలో చాలామంది. తెలిసినవాళ్లింట్లో అలాంటి గది చూశాను. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ మంచం, మూల దేవుడి పటం, దీపపు కుంది, తల ఎత్తున తెరుచుకోని గాజు పలక. “మన ఇంట్లో మనం గది కట్టుకోడానికి వీళ్ల పర్మిషనేంటండీ?” అన్నాడు ఇంటాయన. “మెట్ల దగ్గర మంటలుంటే అమ్మగారు ఎటు వెళ్తారండీ?” అని అడిగాను. ఆయన చాలాసేపు ఆ గాజు వైపు చూశాడు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు కింద పడుకుంటుంటే టేపు తీసుకెళ్లి కిటికీ కొలవండి. సాధారణ నియమం ప్రకారం తెరిస్తే 5.7 చదరపు అడుగుల ఖాళీ రావాలి. దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. అలా లేకపోతే కిటికీ వేయించేదాకా వాళ్ల మంచం పైకి మార్చండి, ఈ రాత్రికే.