వికర్ణుడి మాట, వికర్ణుడి యుద్ధం

అండమాన్ దీవుల పటంలో ఉత్తరపు కొసకు చేరువగా, తూర్పు తీరాన పోర్ట్ కార్న్‌వాలిస్ అనే సహజమైన రేవు కనిపిస్తుంది. ఆ పేరు మొదట ఆ తావుది కాదు. 1789లో లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లోని ఛాథం దీవి మీద తొలి వలసను నెలకొల్పినప్పుడు, నాటి గవర్నర్ జనరల్ గౌరవార్థం దానికి ఆ పేరు పెట్టారు. యుద్ధనౌకలకు ఇంకా అనువైన చోటు కావాలని గవర్నర్ జనరల్ తమ్ముడు, నౌకాదళాధిపతి విలియం కార్న్‌వాలిస్ సూచించాడు. 1792లో వలస ఉత్తరానికి తరలింది. మనుషులతోపాటు పేరు కూడా తరలింది. విడిచివచ్చిన రేవు కొంతకాలం పాత రేవుగా మిగిలి, 1858 తర్వాత పోర్ట్ బ్లెయిర్ అయింది. 2024లో శ్రీ విజయపురం అయింది.

ఈ పేరు మోసిన ఛార్లెస్ కార్న్‌వాలిస్ 1738లో లండన్‌లో జన్మించాడు. మన పాఠ్యపుస్తకాలు ఆయనను శాశ్వత శిస్తు నిర్ణయానికీ, టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధానికీ పరిమితం చేశాయి. కాని ఆయన జీవితంలో మూడు ఖండాలున్నాయి. అమెరికా, భారతదేశం, ఐర్లండ్. ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఒక నైతిక సమస్య ఆకారం దాలుస్తుంది. తన మనస్సు ఒప్పని పనిని ఒక మనిషి సమర్థంగా నెరవేరిస్తే, ఆ పని అతనిది అవుతుందా, కాదా? అయిష్టత పాపంలో వాటాను తగ్గిస్తుందా?

మొదటి ఖండం అమెరికా. 1766లో, అమెరికా వలసల మీద అన్ని విషయాలలోనూ శాసనాలు చేసే అధికారం బ్రిటిష్ పార్లమెంటుకు ఉన్నదని ప్రకటించే చట్టం ప్రభువుల సభకు వచ్చింది. దానికి వ్యతిరేకంగా ఓటు వేసినవారు ఐదుగురే. వారిలో యువ కార్న్‌వాలిస్ ఒకడు. పదేళ్ళు గడిచాయి. అదే వలసల తిరుగుబాటును అణచడానికి 1776లో సైన్యంతో సముద్రం దాటినవారిలోనూ ఆయన ఉన్నాడు. ఐదేళ్ళపాటు యుద్ధం చేశాడు. చివరకు 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఆయన సైన్యం లొంగిపోయింది. ఆ రోజు తాను అస్వస్థుడినని చెప్పి, ఖడ్గం అప్పగించే పనికి తన కింది అధికారి ఓహారాను పంపాడు. సభలో చెప్పిన మాటకూ, రణరంగంలో చేసిన పనికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క గైర్హాజరీలో కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు.

మన ఇతిహాసానికి ఈ మనిషి కొత్తవాడు కాడు. కురుసభలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలంతా మౌనం వహించినప్పుడు, ఆమె ధర్మవిజిత కాదని నోరు విప్పి చెప్పినవాడు ధృతరాష్ట్రుని కుమారులలో వికర్ణుడు ఒక్కడే. కర్ణుడు అతనిని బాలుడని గద్దించాడు. యుద్ధం వచ్చేసరికి వికర్ణుడు ఎక్కడున్నాడు? దుర్యోధనుడి పక్షాన, విల్లెక్కుపెట్టి. పద్నాలుగవ నాడు భీముని చేతిలో కూలాడు. చంపిన భీముడే అతని ధర్మవచనాన్ని తలచుకొని దుఃఖించాడు. భీష్మద్రోణుల ఉప్పు ఋణం గురించి మన పండితులు తరతరాలుగా చర్చించారు గాని, వికర్ణుని గురించి అంతగా ఆలోచించలేదు. భీష్ముడిది మాట్లాడవలసినచోట మాట్లాడని దోషం. వికర్ణుడు మాట్లాడాడు. మాట్లాడిన తరువాత ఏం చేయాలన్నదే అతని సమస్య. పరిపాలనలో ఉన్నవారికి భీష్ముని కంటె వికర్ణుడే దగ్గరి చుట్టం. దస్త్రంలో తన అసమ్మతిని నమోదు చేసి, ఆ మరునాడే ఉత్తరువును అమలు చేయడం ఎవరికి అనుభవంలో లేదు?

రెండవ ఖండం మనది. 1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చిన కార్న్‌వాలిస్‌కు కంపెనీ ఉద్యోగుల లంచగొండితనం అసహ్యం కలిగించింది. జీతాలు పెంచాడు, సొంత వ్యాపారాలు నిషేధించాడు, కలెక్టరు చేతినుంచి న్యాయవిచారణను వేరుచేశాడు. తాను మాత్రం స్వచ్ఛంగా నిలిచాడన్న పేరు తెచ్చుకున్నాడు. ఆ శుచిత్వంలోనే ఒక మచ్చ ఉంది. అవినీతికి విరుగుడుగా భారతీయులను పెద్ద ఉద్యోగాలనుంచి పూర్తిగా తప్పించాడు. 1793లో బెంగాల్‌లో ఆయన స్థిరపరచిన జమీందారీ పద్ధతిని 1802 మొదలుకొని మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారులకు తెచ్చింది. హవేలీ భూములను ముఠాలుగా కోసి వేలం వేశారు. ఆ వ్యవస్థ రద్దు కావడానికి 1948 నాటి చట్టం దాకా తెలుగు రైతు ఎదురు చూడవలసి వచ్చింది. అయితే ఇక్కడ ఆయనకు ద్వైధీభావం లేదు. తాను చేస్తున్నది మంచి అనే నమ్మాడు. నమ్మి చేసిన తప్పు వేరొక చర్చ. దానిని ఇక్కడ ముట్టను.

మూడవ ఖండం ఐర్లండ్. అసలు పరీక్ష అక్కడ జరిగింది. 1798 జూన్‌లో ఆయన డబ్లిన్ చేరేనాటికి తిరుగుబాటు దేశాన్ని కుదిపివేస్తున్నది. రాజప్రతినిధి పదవీ, సేనాధిపత్యమూ రెండూ ఆయనవే. అంతకు ముందే జనరల్ లేక్ సైనికులు కొరడాదెబ్బలతో, గృహదహనాలతో ఊళ్ళను భయపెట్టారు. ఆ క్రౌర్యాన్ని కార్న్‌వాలిస్ ఏవగించుకున్నాడు. సైనిక న్యాయస్థానాలు వేసిన మరణశిక్షలను తానే పరిశీలించి అనేకం తగ్గించాడు. ఆయుధాలు విడిచినవారికి క్షమాభిక్ష పెట్టాడు. డబ్లిన్‌లోని పాలకవర్గం ఆయన మెతకతనాన్ని బాహాటంగానే తప్పుపట్టింది. ఇంత దయ చూపిన ఆయన పరిపాలనలోనే, సెప్టెంబరు 8న బాలినమక్ వద్ద ఫ్రెంచి సైనికులు లొంగిపోగా వారిని యుద్ధఖైదీలుగా ఆదరించి, వారితో కలిసిన ఐరిష్ రైతులను నరికివేశారు. ఉరికి బదులు సైనికుడికి తగిన మరణాన్ని, తుపాకి గుండును కోరిన వూల్ఫ్ టోన్ ప్రార్థన తిరస్కృతమైంది. టోన్ తన కంఠం తానే కోసుకుని నవంబరు 19న చనిపోయాడు.

తరువాతి ఘట్టం మరింత విచిత్రమైనది. ఐర్లండ్ పార్లమెంటును రద్దుచేసి, బ్రిటన్‌లో కలిపివేయాలని ప్రధాని పిట్ సంకల్పం. 1799 జనవరిలో డబ్లిన్ కామన్స్ సభ దానిని తిప్పికొట్టింది. ఒక్క ఏడాదిలో అదే సభ చేత ఒప్పించవలసి వచ్చింది. ఒప్పించే సాధనాలు బిరుదులు, పింఛన్లు, కొలువులు. రద్దయ్యే నియోజక పట్టణం ఒక్కొక్కదానికి యజమానికి 15,000 పౌన్లు పరిహారం. బెంగాల్‌లో లంచాన్ని వేళ్ళతో సహా పెకలించడానికి ఏడేళ్ళు శ్రమించిన చేయే డబ్లిన్‌లో పదవుల బేరం నడిపింది. ఆయనకు అది నరకంగా ఉన్నదని ఆయన ఉత్తరాలు చెబుతాయి. ఎవరితో బేరమాడుతున్నాడో వారిని లోలోపల ద్వేషించాడు. బేరం మాత్రం ఆగలేదు. 1801 జనవరి 1న ఐక్యత అమలులోకి వచ్చింది.

ఇక్కడ ఆయన పక్షాన వాదించవలసినది ఉంది. ఆయన తప్పుకుని ఉంటే లేక్ వంటి మరొకడు వచ్చేవాడు. తగ్గించిన మరణశిక్షల వెనుక పేర్లున్న మనుషులు ఉన్నారు, వారి పిల్లలున్నారు. చేతులు మలినం కాకూడదని ఇంట కూర్చునేవాడి శుద్ధి వారికి ఏ ఉపకారం చేస్తుంది? పైగా ప్రతి ఉద్యోగీ ప్రతి ఉత్తరువునూ తన అభిరుచి తక్కెడలో తూచితే పరిపాలన సాగదు. సాగకపోతే ముందు నష్టపోయేది బీదవాడే. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. నేను సగం ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేని సగం ఇది. తనకు నచ్చని విధానాన్ని అమలు చేయడం ఒకటి. తానే నేరమని మరొకచోట శిక్షించిన పద్ధతితో అమలు చేయడం వేరొకటి. మొదటిదానిలో ఉద్యోగి తన అభిప్రాయాన్ని వదులుకుంటాడు. రెండవదానిలో తన ప్రమాణాన్నే వదులుకుంటాడు. పోతే, కార్న్‌వాలిస్ దయ కేవలం దయగా మిగలలేదు. ఐక్యత కుదిరితే కేథలిక్కులకు రాజకీయ హక్కులు దక్కుతాయన్న ఆశను ప్రభుత్వం పెరగనిచ్చింది. ఆయన మంచితనమే ఆ ఆశకు పూచీ అయింది. కేథలిక్కు పెద్దలు పలువురు వ్యతిరేకించకుండా ఊరుకున్నారు. అది క్రూరుడి మాట అయితే వారు నమ్మేవారు కాదు. అంటే, మంచివాడు ఆ పీఠం మీద ఉండడం వల్ల నష్టం తగ్గిందన్న వాదానికి ఇంకొక అంచు ఉంది. మంచివాడు ఉండడం వల్లనే ఆ పని జరిగింది.

మూడవ జార్జి రాజు ఆ హక్కులకు అంగీకరించలేదు. పిట్ రాజీనామా చేశాడు, కార్న్‌వాలిస్ కూడా పదవి విడిచాడు. మాట తప్పిన ప్రభుత్వంలో కొనసాగలేదన్నంతవరకు అది గౌరవనీయమే. కాని చట్టం అప్పటికే పుస్తకంలోకి ఎక్కింది. బేరం కుదిరి, సరుకు ఇల్లు చేరిన తరువాత మధ్యవర్తి అలిగితే కొన్నవాడికి నష్టమేమిటి? 1799లో, సభ తిరస్కరించిన ఆ జనవరిలో, తిరిగి ప్రయత్నించే ముందు హక్కుల వాగ్దానాన్ని రాజుచేత రాతలో తెప్పించమని ఆయన పట్టుపట్టి ఉంటే, ఆ రాజీనామాకు బరువుండేది. కేథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు 1829కి గాని రాలేదు. విదురుడు యుద్ధానికి ముందే ధనుస్సును వాకిట పెట్టి వెళ్ళిపోయాడని భాగవతం తృతీయ స్కంధం చెబుతుంది. యుద్ధం ముగిశాక పెట్టలేదు.

అండమాన్‌కు తిరిగి వద్దాం. ఐర్లండ్‌లో ఆయన కాలంలో ఉరి తప్పినవారిలో చాలామంది న్యూ సౌత్ వేల్స్‌కు ఓడలెక్కారు. ప్రాణానికి బదులు ద్వీపాంతరవాసం అన్నది ఆ శతాబ్దపు దయ. ఈ దీవులలోనూ 1793లో, బ్లెయిర్ తరువాత వచ్చిన మేజర్ అలెగ్జాండర్ కిడ్ ఆధ్వర్యంలో, బెంగాల్ నుంచి ఖైదీలు దిగారు. అడవి నరికారు, చిత్తడిని పూడ్చారు, జ్వరాలతో రాలిపోయారు. ఆ అడవి జేరు, బో వంటి ఉత్తర అండమాన్ తెగలది. వారిని అడిగినవారు లేరు. బో భాష మాట్లాడిన చివరి మనిషి, బోవా అనే వృద్ధురాలు, 2010 జనవరిలో మరణించింది. ఆ దయా విధానమే 1858లో ఇంకా పెద్ద ఎత్తున తిరిగివచ్చి, సెల్యులార్ జైలు గోడలై లేచింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఆ జైలులో ఏళ్ళు గడిపి బయటపడి, 1952 తొలి ఎన్నికలలో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన కూడా యోధుడే, రాజకీయవేత్తే. సభలో ఒక మాట, రంగంలో ఒక పని అనే చిక్కు ఆ గిరిజనుడికి ఎదురైనట్టు కనబడదు.

కార్న్‌వాలిస్ 1793లో స్వదేశానికి వెళ్ళిపోయాడు. 1805లో మళ్ళీ గవర్నర్ జనరల్‌గా వచ్చి, ఆ అక్టోబరులోనే ఘాజీపూర్‌లో కన్నుమూశాడు. తన పేరు పెట్టిన రేవు అప్పటికి పాడుబడి తొమ్మిదేళ్ళు. 1796లో వలసను ఎత్తివేసినప్పుడు అక్కడ సుమారు 550 మంది స్వేచ్ఛగా వచ్చిన బెంగాలీలు, 270 మంది ఖైదీలు మిగిలారు. స్వేచ్ఛగా వచ్చినవారిని ఇంటికి చేర్చారు. ఖైదీలను ఇంకొక ఓడలో ఎక్కించి పెనాంగ్‌కు పంపారు.