అసమ్మతిని ఆలకించడం: చికిత్సాత్మక అశ్వారోహణలో సేవానీతి

ప్రస్తావన

‘స్వచ్ఛంద సేవ’ అనే మాటలో ‘స్వచ్ఛందం’ అంటే తన ఇష్టం మేరకు నడుచుకోవడం. సేవకు గౌరవం రావడానికి కారణం అది చేసేవారి ఇష్టం నుంచి పుట్టడమే. ఇష్టంతో నిమిత్తం లేకుండా చేయించుకొనే పనికి మన భాషలో వేరే పేరుంది. దాన్ని వెట్టి అంటాం. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగానే కనిపిస్తుంది. అయితే వికలాంగులైన పిల్లలకూ పెద్దలకూ గుర్రపు స్వారీ ద్వారా సాంత్వన, శిక్షణ ఇచ్చే కేంద్రాలలో ఈ గీత మసకబారుతుంది. అక్కడ బోధకులు ఒక వృత్తిని ఎంచుకొని వచ్చినవారు. సహాయకులు స్వచ్ఛందంగా వచ్చినవారు. స్వారీ చేసేవారు తమ మేలుకోసం వచ్చినవారు. గుర్రం మాత్రం తాను వచ్చింది కాదు, తీసుకురాబడింది. అందరికంటే ఎక్కువ బరువు మోసే ఆ ప్రాణి చేసేది సేవా, వెట్టా? తన ఇష్టాన్ని మాటలో చెప్పలేని ప్రాణి నుంచి సేవ పొందడం ఏ షరతు మీద న్యాయమవుతుంది? ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పద్ధతి, నేపథ్యం

చికిత్సాత్మక అశ్వారోహణ ఆధునిక చరిత్రలో తరచుగా వినిపించే పేరు డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్. 1944లో పోలియో సోకి ఆమె మోకాళ్ల కింద చలనం కోల్పోయారు. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం అవసరమైన స్థితిలోనే 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెస్సాజ్ పోటీలో జూబ్లీ అనే ఆడగుర్రం మీద రజత పతకం సాధించారు. 1956లో మరోసారి రజతం పొందారు. 1969లో బ్రిటన్‌లో రైడింగ్ ఫర్ ది డిజేబుల్డ్ అసోసియేషన్, అదే ఏడాది అమెరికాలో నేడు పాథ్ ఇంటర్నేషనల్ అనే పేరుతో ఉన్న సంస్థ ఏర్పడ్డాయి.

ఈ పద్ధతికి ఆధారం గుర్రపు నడక. గుర్రం నెమ్మదిగా నడిచేటప్పుడు దాని వీపు మీద కూర్చున్నవారి కటిభాగం ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. ఆ కదలిక మనిషి నడకలోని కదలికకు దగ్గరగా ఉంటుంది. దానికి తగినట్లు సమతూకం నిలుపుకొనే ప్రయత్నంలో స్వారీ చేసేవారి నడుము, వెన్ను కండరాలు పనిచేస్తాయి. అవసరాన్ని బట్టి ఒకరు పగ్గం పట్టి గుర్రాన్ని నడిపిస్తే, ఇద్దరు ఇరుపక్కలా నడుస్తూ స్వారీ చేసేవారిని కనిపెట్టి ఉంటారు. స్వచ్ఛంద సహాయకులు ఎక్కువగా చేసే పనులివే. స్వారీకి ముందు మాలీసు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టీ రాళ్లూ తీయడం, జీను వేయడం, తరువాత శాల శుభ్రం చేయడం కూడా వారి వంతే.

రెండు సమాధానాలు

పై ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానాలు రెండు. గుర్రానికి మేత, వసతి, వైద్యం అందుతున్నాయి కాబట్టి తిన్న ఉప్పుకు అది పనిచేస్తున్నదని మొదటిది. ఉప్పు తిన్న విశ్వాసం నైతిక బంధం కావాలంటే ఆ ఉప్పు తినకుండా వెళ్లిపోయే వీలు ఉండాలి. కంచె లోపల పుట్టి పెరిగిన ప్రాణికి ఆ వీలు లేదు. పైగా పోషణ అనేది తెచ్చి కట్టేసుకున్నవారి బాధ్యత. ఆ బాధ్యతను నిర్వర్తించడాన్నే జీతంగా లెక్కకట్టడం వెట్టి చేయించుకొన్నవారు కూడా వాడిన తర్కమే.

ఒక బిడ్డకు కలిగే మేలు గుర్రానికి కలిగే శ్రమకంటే ఎన్నో రెట్లు పెద్దదని రెండవది. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అయితే ఈ తూకంలో శ్రమ ఎంతో తెలియాలంటే ముందు దాన్ని చూడగలగాలి. వేటాడబడే జంతువుగా పరిణమించిన గుర్రం నొప్పిని దాచుకొంటుంది. చూడడం నేర్వనివారి త్రాసులో దాని పళ్లెం ఎప్పుడూ తేలికగానే ఉంటుంది.

ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో వెలువరించిన నీతిగ్రంథంలో, దీర్ఘకాలం సేవచేసిన ముసలి గుర్రం పట్ల, కుక్క పట్ల కృతజ్ఞత చూపడం మనిషి ధర్మంలో భాగమే అన్నాడు. కాని అది పరోక్ష ధర్మం. నేరుగా చూస్తే మనిషి తన పట్ల తాను నెరవేర్చుకొనే ధర్మమేనని వివరించాడు. జంతువు పట్ల కాఠిన్యం మనిషిలోని కరుణను మొద్దుబారుస్తుందన్న పరిశీలనలో సత్యం ఉంది. అయినా గుర్రం ముందుకాళ్ల వెనుక జీనుపట్టీ ఒరిపిడికి పుండు పడితే, దాన్ని మాన్పవలసిన కారణం మన స్వభావ సంస్కారం కాదు, ఆ పుండు గుర్రానిది కావడం. కాంట్ సమాధానం సరైన పనినే చేయిస్తుంది, కారణాన్ని మాత్రం గుర్రం దగ్గరనుంచి మన దగ్గరకు తెచ్చుకుంటుంది.

లక్షణం, హృదయం

తెలుగువారి వాఙ్మయంలో గుర్రాన్ని గురించిన జ్ఞానానికి రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి అశ్వలక్షణం. మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ వంటి గ్రంథాలు ఈ కోవలోనివి. సుడులు, రంగు, అవయవాల పొందిక మొదలైనవాటిని బట్టి ఏ గుర్రం యజమానికి మేలుచేస్తుందో చెప్పడం ఈ శాస్త్రం ప్రధాన లక్ష్యం. రెండవది నలోపాఖ్యానంలోని అశ్వహృదయం. బాహుకుని రూపంలో ఉన్న నలుడు అశ్వహృదయం ఎరిగినవాడు. ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం గ్రహించి, దానికి బదులుగా ఈ విద్యను ఇవ్వడానికి అంగీకరించాడు. కథలో ఆ విద్య ప్రయోజనం వేగమే. అయినా ‘హృదయం’ అన్న పేరు గుర్రానికి లోపలివైపు ఒకటి ఉందని ఒప్పుకుంటున్నది. లక్షణం గుర్రం మనకేమవుతుందో చెబితే, హృదయం దానికేమవుతున్నదో అడగడానికి చోటిస్తుంది.

ఈ రెండు దృష్టుల మధ్య ఘర్షణ మన సామెతలోనూ ఉంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లమీద నడుస్తుందంటారు. గుర్రం చూపే నిరాకరణను ఈ సామెత సోమరితనంగా, నటనగా చదువుతుంది. చికిత్సాకేంద్రంలో సహాయకులు మొదట మరచిపోవలసిన పాఠం ఇదే. మూడు కాళ్లమీద నడిచే గుర్రానికి నాలుగో కాలు నొప్పిగా ఉండవచ్చు. చెవులు వెనక్కి అణచడం, తోక విసురుగా ఆడించడం, పెదవులు బిగించడం, జీనుపట్టీ బిగిస్తున్నప్పుడు తల తిప్పి పొట్టవైపు చూడడం, పక్కనుంచి తాకగానే చర్మం బిగుసుకోవడం, ఇవన్నీ దాని భాష. నుదుటికి ఎదురుగానూ, సరిగ్గా వెనుకగానూ గుర్రానికి కనిపించని చోట్లు ఉంటాయి కాబట్టి ఏ దిక్కునుంచి సమీపించాలన్నది కూడా ఆ భాషలోని మర్యాదే.

గుర్రం సమ్మతిని మనం ఎన్నటికీ పొందలేకపోవచ్చు. దాని అసమ్మతి మాత్రం మనకు అందుతుంది. సమ్మతి అడగలేని చోట అసమ్మతిని ఆలకించి, దానికి ఫలితం ఉండేలా చూడడమే న్యాయానికి కనీస షరతు. కాదన్నప్పుడు ఆగే పనికీ, కాదన్నా సాగే పనికీ మధ్య తేడాయే ఇక్కడ సేవకూ వెట్టికీ మధ్య గీత.

మాటలేని సంభాషణ

ఈ షరతుకు మూల్యం ఉంది. వారమంతా ఎదురుచూసి వచ్చిన బిడ్డకు, గుర్రం ఈ పూట సిద్ధంగా లేదు కాబట్టి స్వారీ లేదని చెప్పవలసి రావచ్చు. ఆ నిరాశ చిన్నది కాదు. అయితే ఆ బిడ్డలలో కొందరు మాటల్లో తమ ఇష్టాయిష్టాలు చెప్పలేనివారు. శరీరం బిగుసుకోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, చేయి వెనక్కి లాక్కోవడం వారి ‘వద్దు’. వారి మేలుకోసమే అనే పేరుతో ఆ ‘వద్దు’ను దాటివేసే ప్రమాదం వికలాంగుల జీవితాల్లో నిత్యం ఉన్నదే. ఇక్కడ బిడ్డనూ గుర్రాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. బిడ్డ హక్కులున్న పౌరుడు. అతని మాటను చెప్పించే మార్గాలు వెతకడం మన విధి. సమానమైనది వారి స్థితి కాదు, పక్కన నడిచేవారి పరీక్ష. గుర్రం నిరాకరణ బిడ్డ మేలుకు అడ్డువచ్చిందని కొట్టిపారేసిన సహాయకుడు, బిడ్డ నిరాకరణను కూడా ఆ బిడ్డ మేలుకు అడ్డుగానే చూసే అవకాశం ఉంది. రెండుచోట్లా అదే తర్కం.

సేవచేసేవారి ఆనందం కూడా ఈ ఆలకింపుకు అడ్డురావచ్చు. తత్త్వవేత్త మార్టిన్ బూబర్ తన పదకొండేళ్ల వయసులో తాత, నాయనమ్మల ఎస్టేటులో ఒక గుర్రం మెడ నిమిరిన అనుభవాన్ని రాశాడు. తనకంటే పూర్తిగా వేరైన ఒక ప్రాణం చేతికింద తగిలినంతసేపూ ఆ గుర్రం అతని వైపు తల ఎత్తేది. ఒకనాడు నిమరడంలోని సరదా మీదికి, తన చేతి మీదికి అతని ధ్యాస మళ్లింది. ఆ మర్నాడు గుర్రం తల ఎత్తలేదు. సేవచేస్తున్నానన్న తృప్తిని ఆస్వాదించడం మొదలైన క్షణంలో ఎదుటి ప్రాణి కనుమరుగవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముగింపు

అసమ్మతిని ఆలకించడం ఒక పూట స్వారీతో ముగియదు. వయసు మీరి వీపు బరువు మోయనంటున్నప్పుడు ఏం చేస్తామన్నది దాని చివరి పరీక్ష. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం యుద్ధం, వ్యాధి, ముసలితనం, పని వల్ల క్షీణించిన గుర్రాలకు కూడా బతకడానికి చాలినంత ఆహారం నిర్దేశించింది. అక్కడ మాట్లాడుతున్నది రాజ్యం లెక్కలే. ఆ లెక్కల్లో కూడా పనికిరాని గుర్రానికి ఒక పద్దు ఉన్నప్పుడు, కరుణను ఆధారం చేసుకొన్న కేంద్రపు లెక్కల్లో అది మొదటి పద్దుల్లో ఉండాలి. తొలి రోజునే దానికి సొమ్ము కేటాయించని కేంద్రం గుర్రం చివరి ‘కాదు’ను వినడానికి సిద్ధపడనట్లే.

గుర్రం స్వచ్ఛందంగా రాలేదన్న వాస్తవం మారదు. దాని వీపు మీద ఒక బిడ్డ నిటారుగా కూర్చోగలిగిన మేలూ అబద్ధం కాదు. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి కొట్టివేయకుండా మోయడమే పగ్గం పట్టినవారి పని. స్వచ్ఛంద సేవకులకు ఇష్టం ఉంది, మాట ఉంది, వెళ్లిపోయే వీలూ ఉంది. ఆ మూడూ లేని ప్రాణి పక్కన నడుస్తున్నప్పుడు దాని చెవుల కదలికను గమనించి, అవసరమైతే ‘ఇక ఆపుదాం’ అని దాని తరఫున చెప్పగలగడం వారి నైపుణ్యానికే కాదు, నీతికీ కొలమానం.