వలకన్ను

వల యనగా దారముల సముదాయమని సామాన్యముగా తలంతుము. వల నల్లువానికి మాత్రము దారముకంటె దారముల నడుమ విడిచిన ఖాళీయే ముఖ్యము. దానినే కన్నందురు. కన్నెంత యుండవలయునో ముందే నిశ్చయించుకొని, అంత వెడల్పుగల వెదురుబద్దను చేతబట్టి, నూలు చుట్టిన సూదిని దానిమీదుగా త్రిప్పి, ప్రతి ముడిని బద్ద కానించి బిగించును. ఆ ముడి మగ్గముమీద తెగిన పోగు నదుకుటకు సాలెవారు వేయునదియే. బద్ద మారనంతవఱకు వేయి కన్నులును ఒక్క తీరుగ వచ్చును. ఏ చేప పట్టుబడవలయునో, ఏది బ్రతికి పోవలయునో అను తీర్పు నీటిలో గాక, ఒడ్డున ఆ బద్దను చెక్కునాడే జరిగిపోవుచున్నది. ఆ తీర్పునకు బాధ్యు డెవ్వడు?

మన గోదావరి సీమలో నిది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. సముద్రమున ఇలస యని పిలువబడు చేప వరదకాలమున ఎఱ్ఱనీటి కెదురీది వచ్చి పులస యగును. అది వచ్చునది గ్రుడ్లు పెట్టుటకు. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు టానకట్ట మన పొలములకు నీరిచ్చినది గాని ఆ చేప త్రోవకు అడ్డమైనది. దిగువ మిగిలిన పాయలలోనే వలలు దానికై కాచుకొని యుండును. కంటికంటె చిన్నది దాటిపోవును. మిక్కిలి పెద్దది తల దూర్చనే లేదు. నడిమిది తల దూర్చి మొప్పలు తగులుకొని నిలిచిపోవును.

పూర్వపు నూలువలలు నానినకొలది చివుకుచుండెడివి. వానిని బెరడు కషాయమున ముంచి, మాటిమాటికి ఎండవేయవలసి వచ్చెడిది. వల యారు నంతసేపు ఏటికి కూడ కొంత విశ్రాంతి! నైలాను వచ్చిన పిదప ఆ విశ్రాంతి పోయినది.

శాసనములు లేకపోలేదు. 1897 నాటి మత్స్యశాసనము మందుగుండుతోను విషముతోను చేపలను చంపుట నిషేధించి, వలల కొలతలను నిర్ణయించు అధికారమును ప్రభుత్వముల కిచ్చినది. సముద్రపు వేటకై మన రాష్ట్రమున 1994లో వేఱొక శాసనము వచ్చినది. అయితే వలకన్ను గడుసుది. మరపడవ లాగు సంచివలలో ఒడ్డున కొలతకు సరిపోయిన కన్ను, నీట తాళ్లు బిగిసినప్పుడు నిలువుగా సాగి మూసికొనును. చదరముగా నమర్చిన కన్నులు అట్లు మూసికొనవు. కొలత ఒక్కటే చాలదు, బిగువు మీద అది యేమగునో కూడ చూడవలయును.

ఉత్తర అమెరికా ఆదివాసులనుండి లోకమునకు వచ్చిన లాక్రోస్ అను చెండాట యొకటి గలదు. అందు కఱ్ఱకొన నల్లిన వలసంచితో బంతిని పట్టి విసరుదురు. సంచి లోతైనకొలది బంతి జాఱదు. అందుచేత కఱ్ఱను తలక్రిందు చేసినప్పుడు బంతి తనంతట పడిపోవలయునని నిబంధన యేర్పఱచిరి. ఒక్కడే తన సంచి లోతు తగ్గించుకొన్నచో వాడే ఓడును. కొలత అందఱికి నొక్కటియగుటచే ఎవ్వనికిని నష్టము లేదు. మన జాలరి సంగతియు నిట్టిదే. తన కన్ను పెద్దది చేసి విడిచిన పిల్లచేపను ప్రక్కవాని వల పట్టినచో, అతని ధర్మబుద్ధికి దక్కినది పస్తు మాత్రమే. అతనికి అహింస బోధింప బోవు పెద్దలు ఈ లెక్కను చూచినట్లు కనబడదు.

ఇక కొనువారి మాట. “పుస్తెలమ్మియైనను పులస తినవలె” నని మనవారి సామెత. పుస్తె లెవరివి, నాలుక యెవరిది అని ఆ సామెత నల్లినవా రడిగినట్లు లేదు. కడుపున గ్రుడ్లున్న శెనపులసకు మగపులసకంటె హెచ్చు వెల. ఏ చేపను విడువవలయునో దానికే మనము ఎక్కువ డబ్బిచ్చుచున్నాము. బద్దను చెక్కునది జాలరి చేయియైనను, ఎంత సన్నముగా చెక్కవలయునో చెప్పునది మన వంటయిల్లే యని మా యభిప్రాయము.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములకు మత్స్యకారులకు ప్రభుత్వము భృతి నిచ్చుచున్నది. కాని పులస ఏటి కెక్కుట ఆ గడువు తీరిన తరువాతనే. వరదనెలలలో శెనపులసను అమ్మరాదని నిర్ణయింప దలచినచో, జాలరులకు అప్పుడును భృతి నిచ్చి, వారితో కూర్చుండియే నిర్ణయింపవలయును. ఆ కూటమునకు కొనువారు కూడ రావలయును.