మగరాయుడు

మగరాయుడు అన్న మాట నేను మొదట విన్నది మా నాయనమ్మ నోట. ఆమదాలవలసకి కూతవేటు దూరంలో మా ఊరు. పెరటి జామచెట్టు చిటారుకొమ్మన నేను కూర్చుంటే, కింద నిలబడి "దిగవే, మగరాయుడా" అనేది. అందులో సగం కోపం, సగం మురిపెం. నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మురిపెం పోయి కోపమే మిగిలింది.

మా బడిలో ఆడపిల్లలకి కబడ్డీ జట్టుండేది. కూతకి వెళ్లడంలో నాకు పేరుండేది. గుక్క తిప్పుకోకుండా అవతలివాళ్ల చివరిగీత దాకా పోయి, ఇద్దర్ని తాకి, ఎవరు కాళ్లు పట్టుకున్నా ఈడ్చుకుంటూ వచ్చి మధ్యగీత మీద వేలు ఆనించేదాన్ని. పెద్దమనిషినయ్యాక పదకొండు రోజులు మూల కూర్చోబెట్టారు. పన్నెండో రోజు బడికి వెళ్తే నా చోట్లో ఇంకో పిల్ల ఆడుతోంది. డ్రిల్ మాస్టారు నన్నేమీ అడగలేదు. నేనూ ఆయన్ని అడగలేదు. ఆడొద్దని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఇక ఆడనని నాకే తెలిసిపోయింది.

ముప్పై ఏళ్ల తర్వాత టెక్సస్‌లో, మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరిన కొత్తలో, ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి సంతకం పెట్టమని కాగితం ఇచ్చింది. స్కూల్లో అమ్మాయిల రెజ్లింగ్ జట్టులో చేరతానంది. స్టవ్ మీద పోపు మాడుతోంది. వెనక్కి తిరక్కుండానే "ఆడపిల్లకి కుస్తీ ఏమిటే, మగరాయుడిలా" అన్నాను.

"మగరాయుడంటే ఏంటమ్మా?" అంది.

అర్థం చెప్పబోయి ఆగిపోయాను. మగవాడిలా బలంగా, మగవాడిలా ధైర్యంగా ఉండే పిల్ల అని చెప్తే, అందులో తిట్టెక్కడుందని అడుగుతుంది. నిజంగానే ఎక్కడుంది? మన భాషలో బలాన్నీ ధైర్యాన్నీ మగవాడి పేరున రాసేశాం. ఆడపిల్లలో అవి కనిపిస్తే ఎవరి సొమ్మో ఎత్తుకొచ్చినట్టు నిలదీస్తాం. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సంతకం పెట్టడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

ఆ వారంలో నేను పెట్టుకున్న భయాలు ఇది చదువుతున్న చాలామంది తల్లిదండ్రులకి ఉండేవే. మగపిల్లలతో పట్టుపట్టాలా అన్నది మొదటిది. అక్కర్లేదు. 1998–99 నుంచీ టెక్సస్ స్కూళ్లలో అమ్మాయిల పోటీలు విడిగానే జరుగుతున్నాయి. హవాయి రాష్ట్రం 1998లోనే అమ్మాయిలకి రాష్ట్రస్థాయి పోటీ పెట్టింది. రెండో భయం బట్టలు. ఒంటికి అతుక్కునే సింగ్లెట్ వద్దనుకుంటే చొక్కా, షార్ట్స్ వేసుకోవచ్చని 2017 నుంచి హైస్కూలు నిబంధనలే చెప్తున్నాయి. దెబ్బలు తగులుతాయి, నిజమే. చెవులు కందుతాయి, మోచేతులు చాప మీద రాసుకుని మండుతాయి. తామర అంటుకుంటుందని పోటీకి ముందు ప్రతి పిల్ల చర్మాన్నీ పరీక్షిస్తారు. చదువు పాడవుతుందన్న భయం గురించి ఎక్కువ చెప్పను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మా ఇంట్లో టీవీ మోగలేదు, ఫోను పక్కన పడేసి మా అమ్మాయి తొమ్మిదింటికల్లా నిద్రపోయేది.

నేను ఊహించనిది బరువు సంగతి. రెజ్లింగ్‌లో పిల్లల్ని బరువుల వారీగా విడదీస్తారు. సీజను మొదట్లోనే ఒంట్లో కొవ్వు శాతం చూసి, ఎవరు ఎంతకంటే తగ్గకూడదో రాసిపెడతారు. అమ్మాయిలకి ఆ హద్దు 12 శాతం. అంతకంటే కిందికి పోయేలా బరువు దించుకోనివ్వరు. మొదటి పోటీనాడు వరసలో నిలబడ్డ అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు తూకం ఎక్కి, అంకె పైకి చదివించుకుని దిగుతున్నారు. వంద పౌన్లున్నమ్మాయీ, నూటతొంభై ఉన్నమ్మాయీ పక్కపక్కనే నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. నూటతొంభై అమ్మాయి లేకపోతే ఆ తరగతిలో జట్టుకి పాయింట్లు రావు. ఆ పిల్ల ఒళ్లు ఆ జట్టుకి కావాలి. మన వేడుకల్లో పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే "కాస్త ఒళ్లు చేసినట్టున్నావే" అని పలకరిస్తాం. నేనూ ఎందరో పిల్లల్ని అలాగే పలకరించాను. ఆ తూకం దగ్గర నిలబడి, వాళ్లలో ఒక్కొక్కరి ముఖం గుర్తుతెచ్చుకున్నాను.

బరువన్న మాట వచ్చింది కాబట్టి మా జిల్లా ఆడపడుచు గురించి చెప్పాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను మూల కూర్చోబెట్టేనాటికే ఆమె కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఇనుము ఎత్తడం నేర్చుకుంది. ఆమె అక్క నరసమ్మ కూడా ఎత్తింది. 1994లో, 1995లో మల్లేశ్వరి 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది. అది లేచి ఉంటే స్వర్ణమే. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లోకి రానిచ్చిందే ఆ ఏడాది. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి నాయుడు పేరున స్టేడియం ఉంది. ఛాతీ మీద ఏనుగునెక్కించుకున్న ఆ మల్లయోధుడి కథలు చెప్పుకుంటూ పెరిగాం. కానీ మా వైపు ఆడవాళ్లు బలమైనవాళ్లని తెలియడానికి నాకు సిడ్నీ దాకా చూడాల్సిన పని లేదు. కుప్పల రోజుల్లో వరిమోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడిచిన మా అమ్మని, పెద్దమ్మల్ని రోజూ చూశాను. ఆ బరువు మొయ్యడం ఆడతనానికి తక్కువని ఎవరూ అనలేదు. దాన్నే ఆటగా ఎత్తి, పతకం కోసం ఎత్తి, తన కోసం ఎత్తినప్పుడు మాత్రం మగరాయుడు అన్న మాట పుట్టుకొస్తుంది.

ఇక్కడ స్నేహితురాళ్లు నాకు ప్రేమగానే చెప్పారు: కుస్తీ ఎందుకు, కూచిపూడిలో వెయ్యి, మన సంస్కృతి వస్తుంది, ఆడపిల్లకి అందం. కూచిపూడి మీద నాకెంతో గౌరవం ఉంది. మా అమ్మాయి ఆరేళ్లు నేర్చుకుంది కూడా. కానీ ఆ నాట్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి గుర్తుచేసుకుందాం. కృష్ణా జిల్లా కూచిపూడి అగ్రహారంలో తరతరాలుగా దాన్ని ఆడింది మగవాళ్లు. ఆడవాళ్లకి అందులో చోటు లేదు. భామాకలాపంలో సత్యభామగా జడ వేసుకుని రంగం మీదికి వచ్చింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి స్త్రీపాత్రల గురించి ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పుకుంటారు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువులు ఆడపిల్లలకి నేర్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిల్ని తయారుచేశారు. ఇంటి మగపిల్లలకే దక్కాల్సిన విద్య ఆడపిల్లలకా అని ఆ రోజుల్లో ఆ గురువుల ఎదుట ఎన్ని నోళ్లు లేచాయో ఊహించుకోగలను. వాళ్లు ఆగి ఉంటే మన ఉగాది వేదికల మీద ఒక్క గజ్జె మోగేది కాదు.

ఒక మనిషి జీవితకాలంలో మగవాళ్ల విద్య ఆడపిల్లల సంప్రదాయం అయింది. ఎంతగా అంటే, మా అమ్మాయితో పాటు నేర్చుకున్న ఒకే ఒక్క అబ్బాయి పదేళ్లకే మానేశాడు. తోటిపిల్లలు ఏదో అన్నారట. ఆడంగి అన్న మాట మన దగ్గరే ఉంది కదా, మగరాయుడికి తోడబుట్టింది. సత్యభామగా ఊళ్లని ఏలిన మగవాళ్ల వారసుడికి కాలు కదపడానికి సిగ్గేసింది. ఆ పిల్లవాడి తల్లి నాతో ఆ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంది.

మన ఓణీల ఫంక్షన్ల గురించి ఒక మాట. కూతురు ఎదిగిందని సంతోషించడంలో తప్పేమీ లేదు. నేనూ చేశాను, హాలు తీసుకుని, రెండువందల మందిని పిలిచి. అయితే అమ్మాయిలు ఆటలు మానేసేది సరిగ్గా ఆ వయసులోనే. పద్నాలుగేళ్లకల్లా అబ్బాయిల కంటే రెట్టింపుగా మానేస్తున్నారని బిల్లీ జీన్ కింగ్ స్థాపించిన విమెన్స్ స్పోర్ట్స్ ఫౌండేషన్ చెప్తోంది. అంటే ఇది మన ఇళ్లలోనే కాదు, ఈ దేశమంతటా ఉన్న గుంట. మనం మాత్రం ఆ గుంట ముందు పట్టులంగా, పూలజడ, ఫొటోలు పెట్టి, ఇక నువ్వు ఇలా ఉండాలమ్మా అని పదిమంది సాక్షిగా చెప్తున్నాం. ఆ వేదిక మీద ఆశీర్వదించే చేతులు అక్షింతలతో పాటు ఒక జత ఆట బూట్లు కూడా ఇవ్వొచ్చు. మా చెల్లెలి కూతురి వేడుకకి నేనదే ఇచ్చాను.

మనం ఈ దేశానికి రాకముందే మన కూతుళ్ల కోసం ఒక తలుపు తెరిచి ఉంది. 1972 జూన్ 23న సంతకమైన టైటిల్ నైన్ చట్టంలో ఆటలన్న మాటే లేదు. ప్రభుత్వ డబ్బు తీసుకునే బడిలో ఆడ, మగ అని తేడా చూపకూడదన్నది దాని సారం. దాన్ని నడిపించినవాళ్లలో హవాయి నుంచి గెలిచిన ప్యాట్సీ మింక్ ఒకరు. ఆమె జపాను నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. ఆ చట్టానికి ముందు ఏడాది హైస్కూలు ఆటల్లో ఉన్న అమ్మాయిలు 3 లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షలు దాటారు. చట్టం స్కూలు దాకానే తెస్తుంది. కారెక్కించుకుని దింపి, తీసుకురావాల్సింది ఇంట్లోవాళ్లు.

ఆ పని చేస్తున్నవాళ్లు మనలో ఉన్నారు. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన మొదటి అండర్-19 అమ్మాయిల టీ20 ప్రపంచకప్‌కి వెళ్లిన అమెరికా జట్టు చూడండి. కెప్టెన్ గీతిక కొడాలి, వైస్ కెప్టెన్ అనిక కొలన్, ఇంకా భూమిక భద్రిరాజు, లాస్య ముళ్లపూడి. ఇంటిపేర్లు మన పెళ్లిపత్రికల్లో ఉండేవే. అదే టోర్నీ 2025లో మలేషియాలో జరిగితే, భద్రాచలం పిల్ల గొంగడి త్రిష ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. కూతురి ఆట కోసం తండ్రి కుటుంబాన్ని హైదరాబాదుకి మార్చాడు. అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబైలో మన దేశం ఆడవాళ్ల వన్డే ప్రపంచకప్ గెలిచినప్పుడు, కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన బౌలర్. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత. చిన్నప్పుడు ఆమె కమిలిన కన్నుతో ఇంటికొస్తే, పెళ్లెవరు చేసుకుంటారని తల్లి బెంగపడిందట. ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. నా బెంగ కూడా అదే. తేడా ఏమిటంటే, ఆవిడ బెంగపడుతూనే పంపింది.

కిందటి నవంబరులో మా అమ్మ ఆరు నెలలుండటానికి వచ్చింది. మనవరాలు కుస్తీ పడుతుందంటే "ఏటే ఇది, ఆడపిల్లకి కుస్తీ ఏటి" అంది. అయినా శనివారం శాలువా కప్పుకుని వచ్చి జిమ్ములో బెంచీ మీద కూర్చుంది. రెండో పీరియడ్‌లో ఎదుటి అమ్మాయి మా పిల్లని వెల్లకిలా తిప్పేసింది. రెండు భుజాలూ చాపకి ఆని రెండు సెకన్లు నిలిచాయంటే ఆట అయిపోయినట్టే. మా పిల్ల మెడ మీద, కాలివేళ్ల మీద ఒంటిని విల్లులా లేపి ఉంచింది. అమ్మకి నిబంధనలు తెలియవు. కానీ లేచి నిలబడి "బుజం ఆననీకే! ఆననీకు!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. పిల్ల గట్టెక్కింది, చివరికి రెండు పాయింట్లతో ఓడింది.

ఇంటికి వచ్చాక దాని తలకి నూనె రాస్తూ, కందిన చెవిని వేలితో తడుముతూ, నా వైపు చూడకుండా అమ్మ చెప్పింది. "నువ్వు పెద్దమనిషయినప్పుడు మాస్టారి కాడికి నేనే ఎల్లాను. కబడ్డీలోంచి నీ పేరు తీసెయ్యమని సెప్పాను. మీ నాయనమ్మ ఎల్లమంది." నూనెగిన్నె మూత పెట్టింది. "ఆయన రెండుసార్లు అడిగాడు, నిజంగా తీసెయ్యాలా అమ్మా అని."

నేనేమీ అనలేకపోయాను. ఆమెకి పదిహేనేళ్లకే పెళ్లయింది.

ఇక ఈ సంచిక సంపాదకులు చోటిచ్చారు కాబట్టి నా విన్నపం. ఇక్కడి మన తెలుగు సంఘం వార్షిక ఆటల కాగితంలో మగవాళ్లకి క్రికెట్, వాలీబాల్ ఉంటాయి. ఆడవాళ్లకి త్రోబాల్, ముగ్గులు, వంటలు. ఈ ఉగాదికి అమ్మాయిల కబడ్డీ కూడా పెట్టమని కార్యవర్గాన్ని అడిగాను, ఒప్పుకున్నారు. ఆడవాళ్ల కబడ్డీ 2010 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది, మనకి కొత్తేమీ కాదు. జట్టుకి ఏడుగురు కావాలి. మా అమ్మాయితో కలిపి ఐదుగురు పేర్లిచ్చారు. రెండో జట్టుకి ఇంకా ఎవరూ లేరు. అమ్మలూ రావచ్చు, నేను ఆడుతున్నాను. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదికి మన వనభోజనాలు జరిగే పార్కులోనే, చెరువు పక్కన గడ్డి మీద. గీతలు గియ్యడానికి ముగ్గుపిండి తెస్తానని అమ్మ చెప్పింది.