ఎత్తున కూర్చున్న ఎదోము ఏం చేసింది? – ఓబద్యా గ్రంథం నుండి

ఈ వారం వీడియోలో ఓబద్యా గ్రంథం గురించి చెప్పుకున్నాం. సమయం చాలక అక్కడ వదిలేసిన సంగతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బైబిల్ దగ్గర పెట్టుకుని చదవండి. పాత నిబంధనలో అన్నిటికంటే చిన్న పుస్తకం ఇదే. ఒకటే అధ్యాయం, 21 వచనాలు.

గర్వం మీద వాక్యం అనగానే మనకు బాబెలు గోపురం, గడ్డి మేసిన నెబుకద్నెజరు గుర్తొస్తారు. ఓబద్యా దాకా ఎవరూ పోరు. కానీ మన కడప జిల్లావాళ్లకు ఈ పుస్తకం అర్థమైనంత తేలికగా వేరేవాళ్లకు అర్థం కాదేమో అని నాకనిపిస్తుంది.

ఎదోమీయులు ఏశావు సంతానం. అంటే యాకోబు సంతానానికి అన్నవరుస. మృత సముద్రానికి దక్షిణాన శేయీరు కొండల్లో వాళ్ల కాపురం. ఎర్రటి రాతికొండలు, ఇరుకు లోయలు. దారి తెలియని శత్రువు లోపలికి రావడం కష్టం. 3, 4 వచనాలు చూడండి. ఆ బండ సందుల్లో ఉన్నాం కాబట్టి తమను కిందికి దించగలవాడు ఎవడూ లేడని వాళ్ల హృదయం వాళ్లకు చెప్పింది. నక్షత్రాల మధ్య గూడు కట్టుకున్నా అక్కడినుండే దించుతానని దేవుడు బదులిచ్చాడు.

పులివెందుల నుండి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయి, గండికోట చూసినవాళ్లకు ఈ మాటలు కొత్తగా ఉండవు. ఒక పక్క ఎర్రటి కొండను నిలువునా కోసుకుంటూ పోయే పెన్న, మిగతా పక్కల ఎత్తయిన రాతి గోడ. లోపల ధాన్యాగారం, గుళ్లు, మసీదు. ఈ కోటను పడగొట్టేదెవడు అనిపిస్తుంది. పెమ్మసాని నాయకులు తరాలపాటు దాన్ని ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు, 1652లో, ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే అక్కడికే వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆ మీర్ జుమ్లా కూడా కొన్నేళ్లకే మొఘలుల కొలువుకు పోయాడు, 1663లో ఎక్కడో తూర్పున బెంగాల్ వైపు చనిపోయాడు. కోట గెలిచినవాడికీ కోట మిగల్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పెమ్మసానివారు గర్వించారు కాబట్టే దేవుడు కోటను పడగొట్టాడని నేను చెప్పను. ఆ మాట చెప్పడానికి నేను ప్రవక్తను కాను. ఎదోము విషయంలో ఆ మాట చెప్పింది దేవుడే. మనం చూసిన ప్రతి పతనానికీ మనమే తీర్పు రాసి కింద దేవుని సంతకం పెట్టడం చాలా ప్రమాదం. ఎందుకు ప్రమాదమో ఓబద్యాయే చెబుతున్నాడు.

గర్వం గురించి చెప్పి ప్రవక్త అక్కడితో ఆగలేదు. ఆ గర్వం ఏం చేసిందో 11 నుండి 14 వరకు వరుసగా చెప్పాడు. యెరూషలేము పడిపోయిన రోజు – చాలామంది పండితులు క్రీస్తుపూర్వం 586 నాటి బబులోను దాడి అనే అంటారు – ఎదోము మొదట దూరంగా నిలబడింది. తర్వాత చూసింది. చూస్తూ సంతోషించింది. నోరు పెంచి మాట్లాడింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి ఆస్తి మీద చెయ్యి వేసింది. చివరికి అడ్డదారుల్లో కాపుకాసి, పారిపోతున్నవాళ్లను పట్టి అప్పగించింది.

ఆ మెట్లు గమనించారా? మొదటి మెట్టు దగ్గర ఎదోము ఎవరినీ కొట్టలేదు, ఏమీ దొంగిలించలేదు. ఊరికే నిలబడి చూసింది. అయినా దేవుడు నువ్వు కూడా వాళ్లలో ఒకడివే అన్నాడు. గర్వం అంటే మీసం తిప్పడం, కారు దిగి ఎవరినీ పలకరించకపోవడం అని మనం అనుకుంటాం. వాక్యం ఇంకా లోపలికి పోతుంది. ‘నాకేమీ కాదు’ అనే ధైర్యం ‘నాకేమీ పట్టదు’ అనే స్థితికి వస్తే, అదే ఎదోము గర్వం.

ఎదోము ఎత్తును నమ్మింది. మన పులివెందుల పక్క మనం లోతును నమ్ముతాం. మా తుమ్మలపల్లె పేరు బయటివాళ్లకు యురేనియం గని వల్ల తెలుసు. మనిషి కొండల వేళ్లదాకా తవ్వగలడని, జ్ఞానం మాత్రం ఆ తవ్వకంలో దొరకదని యోబు 28వ అధ్యాయం ఎప్పుడో చెప్పింది. గని సంగతి అటుంచి మన చేన్ల సంగతే తీసుకోండి. చీనీ చెట్లు బతకాలంటే బోరు కావాలి. పక్కాయన ఆరువందల అడుగులు వేస్తే మనం వెయ్యి వేస్తాం. మన మోటారు నిండుగా పోస్తుంటుంది, ఆయన తోట ఎండుతుంటుంది. ఏళ్ల తరబడి పెంచిన చెట్లను ఆయన నరికించి కట్టెలకు అమ్మే రోజు వస్తుంది. ఆ రోజు గట్టు మీద నిలబడి మనం ఏమంటాం? ‘వానికి ఆ పొద్దే చెప్తిమి, వింటేనా! పొగరు అణిగింది. దేవుడున్నాడు’ అంటాం. ఆ నెలలోనే ఆ చేను తక్కువ ధరకు అడుగుతాం. చూడటం, సంతోషించడం, నోరు పెంచడం, ఆస్తి మీద చెయ్యి వేయడం – ఒక్క మెట్టూ తప్పలేదు. పైగా దేవుని పేరు కూడా వాడుకున్నాం.

అయితే అన్యాయం చేసినవాడికి తీర్పు రావాలని కోరుకోవడం తప్పా అని కొందరు అడుగుతారు. తప్పు కాదు. కీర్తనలు 137:7 చదవండి. చెరపట్టబడినవాళ్లు ఎదోము చేసింది జ్ఞాపకం చేసుకోమని దేవుణ్ణి ఏడ్చి అడిగారు. ఆ ఏడుపును దేవుడు బైబిల్లో ఉంచాడు. కాబట్టి భూమి పోగొట్టుకున్న విధవరాలు న్యాయం అడిగితే, ఆమెకు ఓర్పు గురించి పాఠం చెప్పడానికి పోవద్దు. ఆమె కింద పడి ఉండి పైకి చూసి అడుగుతోంది. ఎదోము పైన కూర్చుని కిందికి చూసి నవ్వింది. ఆ రెండూ ఒకటి కావు. తీర్పును దేవుని చేతికి అప్పగించడం ప్రార్థన. తీర్పును వినోదంగా చూడటం మరో పాపం. శత్రువు పడితే సంతోషించవద్దని, సంతోషిస్తే యెహోవా అది చూస్తాడని సామెతలు 24:17, 18 మనల్ని హెచ్చరిస్తున్నాయి.

ఎదోము ఏమైంది? ఏ బబులోను యెరూషలేమును దోస్తుంటే చూసి నవ్వారో, ఆ బబులోను సైన్యమే కొన్ని దశాబ్దాలకు వాళ్ల కొండలకూ వచ్చింది. జోర్దాను దేశంలో సెలా అనే బండ మీద ఒక బబులోను రాజు చెక్కించుకున్న బొమ్మ నేటికీ ఉంది. అది నబొనీదు రాజుదని పండితులు అంటారు. ఎవరూ ఎక్కలేరనుకున్న కొండ ముఖం మీదే వేరే రాజు నిలబడ్డాడు. నీవు చేసినదే నీకు జరుగుతుంది అనే 15వ వచనం భావానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంది?

ఇదంతా విన్న ఇశ్రాయేలుకు కూడా ఎదోమును చూసి నవ్వే హక్కు లేదు. ద్వితీయోపదేశకాండము 23:7లో దేవుడు ముందే చెప్పాడు: ఎదోమీయుణ్ణి అసహ్యించుకోకూడదు, ఎందుకంటే అతడు నీ సహోదరుడు. తీర్పు వచ్చినా సహోదరుడు సహోదరుడే.

మన ప్రభువు దీనికి తిరుగులేని మాదిరి. అందరికంటే ఎత్తున ఉన్నవాడు దూరంగా నిలబడి చూడలేదు, దిగి వచ్చాడు. కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఊళ్లో ఎవరి పతనాన్ని చూసి ‘బాగైంది’ అనుకుంటున్నారో, ఆ ఇంటికి పొండి. సలహా చెప్పొద్దు, వాక్యం చెప్పొద్దు. ‘ఏం కావాల్నన్నా?’ అని అడగండి. వీలైతే రెండు తడులు నీళ్లు ఇవ్వండి.

ప్రార్థన చేద్దాం: ప్రభువా, మా సహోదరుని శ్రమదినాన మేము దూరంగా నిలబడకుండా మమ్మల్ని కాపాడు. న్యాయం తీర్చడం నీకు అప్పగించి, దిగి వెళ్లే మనసు మాకివ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మల్నందరినీ దీవించును గాక.