ఖరీదైన కారు: దేనికి చెల్లిస్తున్న ధర?

స్థోమత ఉన్న ముస్లిం ఖరీదైన కారు కొనవచ్చా? గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కష్టపడి తిరిగివచ్చినవారు, వ్యాపారంలో బరకత్ పొందినవారు ఈ ప్రశ్న అడుగుతుంటారు. కొందరు వెంటనే ‘హరామ్’ అనేస్తారు. మరికొందరు ‘డబ్బు నాది, ఇష్టం నాది’ అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

వాహనం అల్లాహ్ అనుగ్రహం. గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు మన స్వారీ కోసమే కాదు, శోభ కోసం కూడా సృష్టించబడ్డాయని దివ్యఖుర్‌ఆన్ తెలుపుతోంది (అన్ నహ్ల్ : 8). సౌకర్యవంతమైన వాహనాన్ని దైవప్రవక్త (సఅసం) మనిషి సౌభాగ్యాలలో ఒకటిగా పేర్కొన్నారు. కనుక మంచి కారు కోరుకోవటం దోషం కాదు. అయితే ధర పెరిగేకొద్దీ మనం కొంటున్నదేమిటో విడదీసి చూసుకోవాలి.

టయోటా కామ్రీ, లెక్సస్ ఈఎస్ కార్లనే తీసుకోండి. లెక్సస్ కూడా టయోటా సంస్థదే. రెండూ కర్ణాటకలోని బిడదిలో తయారైనవే. రెండింటిలోనూ 2.5 లీటర్ల హైబ్రిడ్ ఇంజనే. ఎయిర్‌బ్యాగులు రెండింటిలోనూ పుష్కలం. 2024 చివర కామ్రీ షోరూమ్ ధర 48 లక్షలు కాగా, లెక్సస్ ధర 60 లక్షలు దాటింది. ఈ తేడాకు దక్కేది మరింత నిశ్శబ్దం, మెత్తని సీట్లు, మేలైన పనితనం, ముందు భాగాన మెరిసే గుర్తు. గమ్యానికి మాత్రం రెండూ ఒకే వేళకు చేరుస్తాయి.

అంటే ఏ కారు ధరలోనైనా మూడు భాగాలుంటాయి. మొదటిది రక్షణ. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. అయితే 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మారుతి డిజైర్, టాటా నెక్సాన్ వంటి కార్లకు కూడా అయిదు నక్షత్రాలు వచ్చాయి. కాబట్టి రక్షణ పేరు చెప్పి అరకోటి ఖర్చును సమర్థించుకోలేము. రెండవది సౌకర్యం. నడుము నొప్పితో బాధపడే అమ్మీ కోసం మెత్తని సీటు కోరుకోవటం మంచిదే. మూడవది ఇతరుల చూపు. పరీక్ష ఇక్కడే ఉంది.

మంచి దుస్తులు, మంచి చెప్పులు ఇష్టపడే మనిషి గురించి ఒకరు అడిగినప్పుడు, అది అహంకారం కాదని, సత్యాన్ని తిరస్కరించటం, ప్రజలను చిన్నచూపు చూడటమే అహంకారమని దైవప్రవక్త (సఅసం) వివరించారు (ముస్లిం). కనుక మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఆ గుర్తు తీసేస్తే కూడా అంత ధర ఇస్తామా? ఆటో నడుపుకునే బంధువు ఎదురైతే అద్దం దించి సలామ్ చేస్తామా?

మరో విషయం గమనించండి. ఖుర్‌ఆన్ దుబారాను వారించే ముందు బంధువులు, అగత్యపరులు, బాటసారుల హక్కులు చెల్లించమంటోంది (బనీ ఇస్రాయీల్ : 26). హక్కులు ముందు, ఖర్చు తర్వాత. షోరూముకు వెళ్ళేముందు అప్పులు తీరాయా? భార్య మహర్ చెల్లించామా? చెల్లెలి చదువు ఆగిపోలేదు కదా? సొంత వాడకంలోని కారుపై జకాత్ లేదు. కాని కారు కోసం దాచిన 50 లక్షలపై ఏడాది గడిస్తే 1,25,000 రూపాయల జకాత్ విధి అవుతుంది. ఇక వడ్డీ అప్పుతో కొన్న కారుకు ఏ సౌకర్యమూ సాకు కాజాలదు.

హక్కులన్నీ తీర్చి, వడ్డీకి దూరంగా ఉండి, వినమ్రతతో కొన్న పెద్ద కారుపై ఆక్షేపణ లేదు. ఒకరి హక్కు ఆపి కొన్నదైతే, చిన్న కారుకైనా అల్లాహ్ ముందు సమాధానం చెప్పుకోవాలి. అల్లాహ్ మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! ఆమీన్.