ఏకాంత సంచారము – పరుల ఋణము

తన ప్రాణమును తానే పణముగా నొడ్డువానిని ఇతరులు ప్రశ్నింపవచ్చునా? ఒంటరిగా కొండలలో తిరుగువాడు తనకు తప్ప మఱెవ్వరికిని అపకారము చేయడు గదా యని పలువురు తలంతురు. చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని 'నా జీవితము నాది' అను మాటకు హద్దు ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన ప్రశ్న లేదు.

ఇంగ్లండు దేశపు వాయవ్య భాగమున లేక్ డిస్ట్రిక్ట్ అను పర్వతసీమ కలదు. అచ్చటివారు కొండను 'ఫెల్' అనియు, కొండ మీది చిన్న కొలనును 'టార్న్' అనియు పిలుతురు. పూర్వము మంచునదులు కొండల ప్రక్కలను తొలిచిన గుంటలలో నీరు నిలిచి ఈ కొలనులలో పెక్కు ఏర్పడినవి. ఆ కొండలు మన హిమాలయముల వంటివి కావు. అన్నిటికంటె ఎత్తైన స్కాఫెల్ పైక్ 978 మీటర్లు మాత్రమే. ఒక్క దినమున నాలుగైదు శిఖరములు దాటి, కొలనుల ప్రక్కగా నడచి, చీకటి పడకమునుపే ఊరు చేరుట అచ్చట పలువురకు ప్రియమైన అలవాటు.

గ్లెన్‌రిడింగ్ గ్రామమున ఉదయమున బయలుదేరినవాడు స్ట్రైడింగ్ ఎడ్జ్ అను కత్తివాదర వంటి రాతిగట్టు మీదుగా 950 మీటర్ల హెల్వెలిన్ శిఖరము నెక్కును. ఆ గట్టునకు దిగువ రెడ్ టార్న్ కొలను కనబడును. పిదప నెదర్‌మోస్ట్ పైక్, డాలీవాగన్ పైక్ అను శిఖరముల మీదుగా గ్రైస్‌డేల్ టార్న్ చేరి, లోయ వెంబడి తిరిగి దిగివచ్చును. ఆ దినమంతయు అతని యడుగుల చప్పుడే అతనికి తోడు. తన ఓర్పు ఎంతయో, తన భయము ఎట్టిదో అతనికి తెలియవచ్చును. మెచ్చువారు లేరు గనుక గొప్పలకు తావు లేదు. సాకు చెప్పుటకు వినువారును లేరు. ఏకాంతము నేర్పు ఈ పాఠమును తృణీకరింపరాదు.

ఆల్‌ఫ్రెడ్ వెయిన్‌రైట్ అను నాతడు కెండల్ పట్టణ పురపాలక సంఘమున కోశాధికారిగా నుండి, తీరిక దినములలో ఒంటరిగా నడచి, 214 శిఖరముల దారులను స్వహస్తముతో వ్రాసి, చిత్రించి, 1955 మొదలు 1966 వఱకు ఏడు సంపుటములుగా వెలువరించెను. ఒక్కని యేకాంతము వేలమందికి దారి చూపినది. అట్టి ఏకాంతమును స్వార్థమనుట న్యాయము కాదు.

మఱియొక ప్రక్కయు కలదు. 1805 ఏప్రిల్‌లో చార్లెస్ గాఫ్ అను యువ చిత్రకారుడు తన కుక్కతో హెల్వెలిన్ కొండపైకి పోయి, రెడ్ టార్న్ పైనున్న రాళ్ల చెంత మరణించెను. జులై నెలలో గాని అతని యస్థులు కనబడలేదు. అప్పటికిని ఆ కుక్క అచ్చటనే యుండెను. వర్డ్స్‌వర్త్, వాల్టర్ స్కాట్ మహాకవు లిరువురును ఆ మూగజీవి విశ్వాసమును కీర్తించిరి. అది కీర్తింపదగినదే. కాని ఆ కుక్క యెఱిగిన చోటు మూడు నెలల వఱకు ఏ మానవునికిని తెలియకపోవుట మఱింత యాలోచింపదగిన విషయము.

నేడు అట్లు గాదు. 1947లో కోనిస్టన్, కెస్విక్ అను చోట్ల పర్వతరక్షక దళము లేర్పడెను. వీనిలో నుండువారు వేతనము గొనని స్వచ్ఛందసేవకులు. పిలుపు వచ్చినచో అన్నము ముందు నుండి లేచి, వానలోను మంచులోను కొండ యెక్కుదురు. రక్షింపబడినవానినుండి రుసుము గైకొనరు. కావున ఒంటరివాడు కాలు జాఱినచో పడునది అతడొక్కడే కాదు. ఇంట దీపము పెట్టుకొని యెదురుచూచువారును, చీకటిలో వెదకబోవువారును ఆ బాధలో పాలుగొందురు.

'వారు తమ యిష్టము చొప్పున వచ్చుచున్నారు గదా, ఋణమెక్కడిది?' అని యొకరు వాదింపవచ్చును. వెల యిచ్చి కొన్నదాని ఋణము వెలతోనే తీరును. వెల గొనక యిచ్చినదాని ఋణము ప్రవర్తనతో గాని తీరదు. ఈ భేదము నెఱుగనివాడు లోకమున నెచ్చటను కృతజ్ఞుడు కాజాలడు.

అట్లని ఒంటరి నడకను నిషేధింపవలెనా? అక్కఱలేదు. గుంపుగా పోవువారును ఒకరి నొకరు నమ్ముకొని, పటమును చూచువాడొక్కడును లేక దారి తప్పుట కలదు. దోషము ఒంటరితనమున లేదు, మఱపున ఉన్నది.

ఆ ఋణమును తీర్చు మార్గములు సులభములు. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటిలో చెప్పవలెను. గంటకు మూడు మైళ్లు, ఎక్కు ప్రతి రెండువేల అడుగులకు మఱియొక గంట చొప్పున లెక్కించు పద్ధతిని స్కాట్లండు వాసి నైస్మిత్ 1892లోనే చెప్పియుండెను. పటము, దిక్సూచి, టార్చిదీపము, ఈల వెంట నుండవలెను. ఆపదలో నిమిషమునకు ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషము ఆగి, మరల వేయుట అచ్చటి సంకేతము. అన్నిటికంటె కఠినమైనది వేఱొకటి కలదు. శిఖరము కూతవేటు దూరమున నున్నను, మంచు క్రమ్మినచో వెనుకకు మరలుట. చూచువారు లేని చోట చేయు ఆ నిగ్రహమును పొగడువారుండరు.

ఏకాంతమును కోరువాడు సంఘమును విడిచిపోవుట లేదు. దాని నమ్మకమును మూటగట్టుకొని పోవుచున్నాడు. ఆ మూటను భద్రముగా తిరిగి ఇల్లు చేర్చుటయే అతని ధర్మము.